మూడు కాళ్ళదీ, అయిదు కాళ్ళదీ

ట్రాన్సిస్టరంటే నా చిన్నప్పుడు రేడియోయే. తోలు తొడుగూ, భుజానికి తగిలించుకునే పట్టీ, వెనక మూత తీస్తే వరసగా సెల్లులూ. 1986లో ఆదిలాబాదులో ఆకాశవాణి కేంద్రం వచ్చిన కొత్తల్లో మా నాన్న దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఊరంతా తిరిగేవాడు. ఆ పేరు ఆ పెట్టె సొంతం కాదనీ, లోపలుండే మూడు కాళ్ళ పురుగులాంటి వస్తువు పేరు పెట్టెకి అంటుకుందనీ నాకు నలభై దాటాక గాని తెలియలేదు. బి.ఏ.లో నేను చదివింది సాహిత్యం. అందులో విరహతాపం గురించి బోలెడంత ఉంది గాని, ట్రాన్సిస్టరు తాపం గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పటికైనా తెలిసిందంటే అది మా అత్తమ్మ కూలరు పుణ్యం.

మా బోథ్ ఎండలు ఎరగనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆదిలాబాద్ జిల్లా అనగానే అందరికీ కుంతాల జలపాతం గుర్తొస్తుంది. మాకు ఇంకా దగ్గరగా పొచ్చెర ఉంది. అడవులూ జలపాతాలూ కదా, చల్లగా ఉంటుందనుకుని మే నెలలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు రెండో రోజు పొద్దున్నే బస్సు వేళలు కనుక్కుంటారు. డిసెంబరులో పళ్ళు కటకటలాడించే ఈ ఊరే, మే వచ్చేసరికి 45 డిగ్రీల దాకా పోతుంది. సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. అందుకని మా వారు అత్తమ్మ మంచం పక్కన పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే రేకు కూలరు ఒకటి చేయించి పెట్టారు. దాని పక్కన అరచేతి వెడల్పు డబ్బా, డబ్బాకి ఒక మర. అటు తిప్పితే గాలి పెరుగుతుంది, ఇటు తిప్పితే తగ్గుతుంది. కొన్నాళ్ళు బాగానే నడిచింది.

ఒక మే నెల రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేచాను. ఏదో కాలిన వాసన. ముందు వంటింట్లోకి పరుగెత్తాను. ఆడదానికి కాలిన వాసన వస్తే కాళ్ళు అటే పోతాయి. అక్కడేం లేదు. అత్తమ్మ గదిలోకి వెళ్ళి చూస్తే ఆవిడ చీకట్లో మంచం మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. కూలరు ఆగిపోయి ఉంది. డబ్బాలోంచి సన్నగా పొగ.

"ఎంతసేపయింది అత్తమ్మా?"

"గంటయిందో ఏమో. దినమంత రాసి రాసి ఇప్పుడే పండుకుంటివి. లేపుడెందుకని ఊకున్న."

బ్యాటరీ వైరు పీకేసి దీపం వేసి చూశాను. తీగ మీది ప్లాస్టిక్కు కరిగి రేకుకి అంటుకుని ఉంది. అక్కణ్ణించి జానెడు దూరంలో కిటికీ తెర. ఆ జానెడు దూరం తలుచుకుని తర్వాత చాలా రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ తీరే అంత. అంతకు రెండేళ్ళ ముందు డాబా మీద వడియాలు పెడుతూ పెడుతూ వడదెబ్బ తగిలి అక్కడే ఒరిగిపోయింది. తల తిరుగుతున్న సంగతి అరగంట ముందే తెలుసట. "ఇంకో చీరంత పెడితె అయిపోతది గద" అనుకుందట. వయసు మీదపడ్డవాళ్ళకి దాహమూ తగ్గుతుంది, చెమటా తగ్గుతుంది, ఒళ్ళు ఎంత వేడెక్కిందో వాళ్ళకే తెలియదని డాక్టరుగారు చెప్పారు. తెలిసినా చెప్పనివాళ్ళ సంగతి మాత్రం ఆయన చెప్పలేదు.

మర్నాడు ఆ డబ్బా ఊడదీయించి బజారులో రిపేరు దుకాణానికి నేనే పట్టుకెళ్ళాను. మా వారు పని ఉందన్నారు. ఏం పనో డబ్బా మూత తీశాక తెలిసింది. ఫ్యూజు ఉండవలసిన చోట లావుపాటి రాగితీగ మెలిపెట్టి ఉంది. అది మెలిపెట్టిన మహానుభావుడు ఎవరో నేను చెప్పను. ఆయన ఈ పత్రిక చదువుతారు.

దుకాణంలో కుర్రాడు ఐ.టి.ఐ. చదివినవాడు. బతుకమ్మకి మా వాడ మైకు సెట్టు బాగుచేసేదీ వాడే. డబ్బాలోంచి ఇనప టోపీలాంటి వస్తువు ఒకటి ఊడబీకి బల్ల మీద పెట్టాడు.

"గిదే అక్కా పోయింది. టూ ఎన్ 3055. పవర్ ట్రాన్సిస్టర్. మన పుట్టుక ముందట్నుంచి ఉన్నది ఇది."

నిజమే, అది 1960లలో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీ తెచ్చిన సరుకు. అప్పటినుంచి మైకు సెట్లలోనూ, స్టెబిలైజర్లలోనూ, ఇన్వర్టర్లలోనూ ఇంటింటి కోడలిలా చాకిరీ చేస్తోంది. వాడు స్క్రూడ్రైవరుతో టోపీ పైకప్పు లేపాడు. లోపల కందిబద్దంత పలక ఉండాలట. ఉన్నది నువ్వుగింజంత. పైన పేరు గొప్పది, లోపల మనిషి వేరు. ఎవరు అంటగట్టారో గాని నకిలీ సరుకు.

"అసల్ది ఏసినా కాలేదే అక్కా, కాకపోతె జర ఆలిస్యంగ కాలు" అన్నాడు. ఎందుకో వాడు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. కూలరు గడ్డి ఊడి ఫ్యాను రెక్కలో పడింది. రెక్క బిగుసుకుంది. తిరగలేని మోటారు తిరిగే మోటారుకన్నా మూడింతల కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా ఈ ట్రాన్సిస్టరులోంచే పోవాలి. "ఇది వేడెక్కితె ఇంకింత కరెంటు ఇడుస్తది. ఇడిస్తె ఇంకింత వేడెక్కుతది. గట్లనే పోతది."

ఇది నాకు కొత్త కథ కాదు. నా నవలల్లో సగం సంసారాలు ఇలాగే తగలబడ్డాయి. ఒకరు మాట తూలుతారు, దానికి ఇంకొకరికి ఒళ్ళు మండి రెండు తూలుతారు. నాకు తెలియంది ఆ తర్వాతి ముక్క. ట్రాన్సిస్టరు చచ్చిపోయేటప్పుడు సాధారణంగా తలుపు మూసి చావదట, తెరిచి చస్తుందట. కరెంటుకి ఇక అడ్డూ ఆపూ ఉండదు. ఫ్యూజు ఉంటే అక్కడ తెగిపోయేది. ఫ్యూజు స్థానంలో ఏముందో ముందే మనవి చేశాను.

"అయితే ఇంకా పెద్దది వేద్దాం" అన్నాను, చీరల దుకాణంలో అన్నట్టు.

వాడు ఫోనులో ఆ ట్రాన్సిస్టరు జాతకం తీసి చూపించాడు. డేటా షీటు అంటారు. 115 వాట్లు భరిస్తుందని రాసి ఉంది. అబ్బో అనుకున్నాను. పక్కనే చిన్న అక్షరాలు: దాని ఒళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడట! బోథ్‌లో మే నెలలో కుండలో నీళ్ళయినా 25 డిగ్రీలు ఉంటాయా? మూత బిగించిన రేకు డబ్బాలో గాలే 50 దాటుతుంది. ఒళ్ళు నూరు డిగ్రీలకి చేరిందంటే ఆ 115 కాస్తా 66 వాట్లకి దిగిపోతుంది. రెండు వందలకి చేరిందంటే సున్నా. జాతకాలు రాసేవాళ్ళు చల్లటి గదుల్లో కూర్చుని రాస్తారు కాబోలు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పినట్టే ఇది కూడా. అంకె అబద్ధం కాదు గాని, ఏ పరిస్థితిలోనో అడిగి తెలుసుకోవాలి.

పెద్దది వేసినా, వెనక పెద్ద అల్యూమినియం రెక్కల దిమ్మ బిగించినా, గండం వాయిదా పడుతుందే గాని పోదు. వేడెక్కితే కరెంటు తెంచే చిన్న స్విచ్చి ఒకటి దిమ్మకి అతికించవచ్చు కదా అన్నాను. మా ఇస్త్రీపెట్టెలో ఉంది, నాకు తెలుసు. తెలివైన మాటే అన్నాననుకున్నాను. వాడు నవ్వి, "దిమ్మకు ఎరుకయ్యేటాలకు లోపట పని అయిపోతదక్కా" అన్నాడు.

మీకు అర్థమయ్యేలా నేను చెబుతాను. తాలింపు గరిటెలో నూనె కాగుతోంది. ఆవాలు చిటపటలాడి మాడిపోయినా గరిటె కాడ ఇంకా చల్లగానే ఉంటుంది. కాడ పట్టుకుని చూసి తాలింపు మాడిందో లేదో చెప్పగలమా? ట్రాన్సిస్టరులో అసలు పలక కందిబద్దంత. వేడి పుట్టేది అక్కడ. అది కణంలో మాడిపోతుంది. వేడి ఇనప టోపీలోకీ, అక్కణ్ణించి దిమ్మలోకీ పాకేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి వేడి కనిపెట్టేది ఆవాల పక్కనే, నూనెలోనే ఉండాలి.

అలా లోపలే కాపలా పెట్టే ఆలోచన యాభై ఏళ్ళ పైమాటే. 1970 ప్రాంతంలో అమెరికాలో నేషనల్ సెమీకండక్టర్ కంపెనీలో బాబ్ విడ్లర్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. కంపెనీ వాళ్ళు పచ్చిక కోయించడం లేదని ఎక్కణ్ణించో గొర్రెను తెచ్చి ఆఫీసు ముందు మేపిన మనిషి. ఆయన చేసిన వోల్టేజి రెగ్యులేటరు లోపలి పలక మీదనే వేడి కనిపెట్టే ఏర్పాటు ఉంది. హద్దు దాటితే తనంతట తానే ఆగిపోతుంది. ఇవాళ ఏ రిపేరు దుకాణంలోనైనా గుప్పెళ్ళకొద్దీ దొరికే 7805 కూడా ఆ కోవదే. కొన్నేళ్ళకి అదే కంపెనీలో బాబ్ డాబ్‌కిన్ ఆ కాపలాని ట్రాన్సిస్టరు వేషంలోకి తెచ్చాడు. ఎల్.ఎమ్. 195, 395 అని. చూడటానికి మామూలు మూడు కాళ్ళ ట్రాన్సిస్టరే. లోపల మాత్రం కరెంటు ఎక్కువైనా, వేడి ఎక్కువైనా తన్ను తాను అదుపు చేసుకునే సరంజామా అంతా ఉంటుంది.

"మరి అదే వెయ్యి" అన్నాను.

"అది ఒక్క ఆంపియరుదే అక్కా. మన ఫ్యానుకు మూడు గావాలె."

నాలుగు పక్కపక్కన వేయచ్చట. కాని అసలు తప్పు మరలోనే ఉందన్నాడు. మా పాత మర గాలి తగ్గించే పద్ధతి ఎలాంటిదంటే, సగం కరెంటు ఫ్యానుకిచ్చి మిగతాది ట్రాన్సిస్టరు ఒంట్లో వేడిగా మార్చేస్తుంది. గాలి తగ్గించిన కొద్దీ ఫ్యాను హాయిగా ఉంటుంది, మధ్యలో ఇది ఉడికిపోతుంది. అత్తాకోడళ్ళ మధ్య కొడుకు లాగన్నమాట. దానికి బదులు సెకనుకి వందసార్లు పూర్తిగా తెరిచి పూర్తిగా మూసే పద్ధతి ఉంది. పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు పెద్దగా వేడి పుట్టదు, మూసి ఉన్నప్పుడు అసలు పుట్టదు. ఎంతసేపు తెరిచి ఉంచామన్నదాన్ని బట్టి గాలి. ఫ్యాను తుమ్మెదలా సన్నగా రొద చేస్తుంది, అంతే.

ఈ పనికి తగిన రక్షణ ట్రాన్సిస్టర్లు కార్ల కోసం తయారయ్యాయి. కారు బ్యాటరీ కూడా పన్నెండు వోల్టులే, ఇంజను పక్కన వేడి మా డబ్బాలోకన్నా ఎక్కువే. జర్మనీ సీమెన్స్ వాళ్ళు టెంప్‌ఫెట్ అని ఒకటి చేశారు. ట్రాన్సిస్టరు పలక మీద వేడి కనిపెట్టే మరో చిన్న పలక అతికిస్తారు. హద్దు దాటగానే అది నోరు నొక్కేస్తుంది. మనం స్విచ్చి తీసి మళ్ళీ వేసేదాకా లేవదు. తర్వాత వచ్చిన వాటిలో చాలా మటుకు సుమారు 150 నుంచి 175 డిగ్రీల మధ్య ఆగిపోయి, కాస్త చల్లబడ్డాక తమంతట తామే మళ్ళీ లేస్తాయి. ప్రెషర్ కుక్కరులో రెండూ ఉన్నాయి చూడండి. పైన బరువు ఆవిరి ఎక్కువైతే లేచి, తగ్గితే కూర్చుంటుంది. పక్కనున్న సేఫ్టీ వాల్వు కరిగిందంటే మాత్రం ఆ పూటకి వంట ఆగినట్టే.

ఈ రెండింట్లో ఏది కొనాలన్నదాని మీద మా ఇంట్లో మూడు రోజులు చర్చ జరిగింది. రాగితీగ మహానుభావుడు హఠాత్తుగా భద్రతావాది అయిపోయారు. "ఒకసారి ఆగితే ఆగిపోవాల్సిందే, మళ్ళీ లేవకూడదు" అన్నారు. మే నెల అర్ధరాత్రి కూలరు ఆగిపోతే డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి తెల్లారేదాకా ఉడికిపోతుంది కదా అని నా బాధ. తనంతట తానే లేచేదే కావాలన్నాను. అయితే గడ్డి ఇరుక్కుని ఉన్నంతసేపూ అది లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ ఉంటుంది. డేటా షీటులోనే ఉంది: ఈ రక్షణ ఆపద్ధర్మానికే గాని, నిత్యం దాని మీదే బతకడానికి కాదు అని. మాటిమాటికీ వేడెక్కి చల్లారుతుంటే లోపలి అతుకులు సడలుతాయి. ఈ వాక్యం నేను రెండుసార్లు చదివాను. ఒకసారి ట్రాన్సిస్టరు గురించి, ఒకసారి వడియాల గురించి.

మాకు అసలు కావలసింది ఏమిటో అప్పుడు తట్టింది. ఆగటం ఒక్కటే చాలదు. ఆ రాత్రి కూడా కూలరు ఆగింది, అత్తమ్మా ఊరుకుంది. ఎవరూ చెప్పలేదు, అంతే.

మళ్ళీ దుకాణానికి వెళ్ళి, "ఆగాను అని చెప్పేది ఉందా?" అని అడిగాను. వాడు తల గోక్కుని, "ఉన్నదక్కా, దానికి అయిదు కాళ్ళుంటయ్" అన్నాడు.

ప్రోఫెట్ అని, అదీ సీమెన్స్ వాళ్ళు మొదలుపెట్టిన జాతే. 1999 నుంచి ఆ వ్యాపారం ఇన్ఫినియన్ అనే కంపెనీ పేరు మీద నడుస్తోంది. అందులో కొన్నింటికి అయిదు కాళ్ళు. బ్యాటరీకి ఒకటి, ఫ్యానుకి ఒకటి, నేలకి ఒకటి, హుకుం ఇవ్వడానికి ఒకటి. అయిదోది కబురు కాలు. లోపల వేడి హద్దు దాటి ఆగిపోయినప్పుడు ఆ కాలి మీది వోల్టేజి కింద పడిపోతుంది. దానికొక బుల్లి బజరు తగిలిస్తే ఇల్లంతా వినిపిస్తుంది.

అప్పుడు కూడా నేను తప్పు చేయబోయాను. పాతికో ముప్ఫయ్యో ఆంపియర్లు మోసేది చూసి అదే తెమ్మన్నాను. బంగారం కొన్నట్టు, ఎంత బరువైతే అంత మంచిదని నా లెక్క. కుర్రాడు వద్దన్నాడు. దాని లోపలి కాపలా కాచేది దాన్నే, మన మోటారుని కాదు, తీగల్ని కాదు. మరీ బలమైనది వేస్తే మోటారు మాడిపోతున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు, ఆగనే ఆగదు. మూడు ఆంపియర్లకి నిమ్మళంగా ఉండి, ఎనిమిదికో తొమ్మిదికో గాభరా పడేది చూసుకోవాలి. ఈ జాతి ట్రాన్సిస్టర్లలో కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలవుతుంది కాబట్టి ఆ తేడా బాగానే పట్టిస్తుంది. వెనక దిమ్మ కూడా అంతే, మూడు ఆంపియర్ల వేడికి చాలినంతే, అదీ 25 డిగ్రీల లెక్కన కాదు, మా మే నెల డబ్బా లెక్కన. తీగల కోసం పది ఆంపియర్ల ఫ్యూజు విడిగా ఉండాలి. ఈ మాట దగ్గర వాడు నా వెనక నిలబడ్డ మా వారి వంక చూడలేదు గాని, నేను చూశాను.

హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో మూడు దుకాణాలు తిరిగి మా వారే తెచ్చారు. పాతదానికి నాలుగైదింతల ధర. పోనివ్వండి, ఒక చీర ఫాల్సూ కుట్టుకూలీ పెట్టదు. తెల్ల పేస్టు రాసి, రేకు ముక్కకి బిగించి, మోటారుకి అడ్డంగా ఒక డయోడు వేసి బిగించాడు కుర్రాడు. ఆ తర్వాత పరీక్ష. తడిగుడ్డ చుట్టిన కర్ర రెక్కకి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. కొన్ని క్షణాలకి బజరు పీ... అంది, ఆగింది, మళ్ళీ పీ అంది. కర్ర తీశాడు. ఫ్యాను తన దారిన తాను తిరిగింది.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. "గింత పురుగుకు గంత నోరా?" అంది.

కిందటి మే నెలలో ఒక రాత్రి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. నిద్ర పట్టీ పట్టనట్టుంది. లోపలి గదిలోంచి పీ... పీ... దాని వెనకే అత్తమ్మ గొంతు.

"ఓ పిల్లా! లెవ్వు! నీ అయిదు కాళ్ళది అరుస్తున్నది!"

టార్చి పట్టుకుని వెళ్ళాను. గడ్డి మళ్ళీ రెక్కలో పడింది. స్విచ్చి తీసి, గడ్డి లాగేసి, మళ్ళీ వేశాను. డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. ఇక వెళ్ళి పడుకుందామని గుమ్మం దాకా వచ్చాను.

"పిల్లా" అంది అత్తమ్మ, నా వంక చూడకుండా గోడ వంక చూస్తూ. "నాగ్గూడ జర తల తిరిగినట్టున్నది. పొద్దటిసంది. నిమ్మకాయ నీళ్ళు గలిపి తెస్తవా?"

పొద్దటినుంచీ! పళ్ళు కొరుక్కుంటూ వంటింట్లోకి పోయి చక్కెర వేశాను, ఉప్పు వేశాను, చీకట్లో గింజలు తీయకుండానే నిమ్మకాయ పిండాను. సగం గ్లాసు తాగి, తల పంకించి, "ఉప్పెక్కువైంది" అంది.